దుల్హేభాయ్‌కి టెక్నికల్ ఫౌల్

సుల్తాన్ బజార్‌లో మా మామూజాన్ దుకాణం గల్లాపెట్టెలో పైసలతో పాటు ఒక సీటీ ఉండేది. నల్లదారం కట్టిన సీటీ. చిల్లర కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ దారం వేళ్లకి చుట్టుకునేది. "నక్కో బాబా, నీ టైమ్ ఇంకా కాలేదు" అని దాన్ని లోపలికి తోసేవారు. అస్తర్ గుడ్డ, ఫాల్స్, లేసులు, గోటా కినారీ, గుండీలు, ఇదీ ఆయన వ్యాపారం. పొద్దున పదకొండింటి నుంచి అస్ర్ దాకా చీర రంగుకి అస్తర్ రంగు జోడించడమే పని. మ్యాచ్ ఉన్న రోజున అస్ర్ నమాజ్ కాగానే నౌకరుకి గల్లా అప్పజెప్పి, సీటీ జేబులో వేసుకుని సైకిలెక్కేవారు. ఆయన బాస్కెట్‌బాల్ రెఫరీ. సైకిల్ పెట్రోలుకైనా సరిపోని పైసలిస్తారని అమ్మీ ఎగతాళి చేసేది. "సైకిల్‌కి పెట్రోల్ ఎందుకు ఆపా?" అనేవారు మామూ.

కాలేజీ రోజుల్లో ఆ దుకాణంలో నేను చాలా సాయంత్రాలు గడిపాను. దగ్గర్లోనే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉండేది. ఉర్దూ మీడియం పిల్లాణ్ని బి.ఏ.లో తెలుగు తీసుకుంటే నవ్వినవాళ్లు ఎందరో. అక్కడ కూర్చుని కూడబలుక్కుని పత్రికలు చదివి, కళ్లు మండాక మామూ దుకాణానికి వచ్చి చాయ్ తాగేవాణ్ని. బాస్కెట్‌బాల్ కాయిదాలు మైదానంలో కంటే ఆ కౌంటర్ వెనకే ఎక్కువ నేర్చుకున్నాను.

ఒకామె వచ్చి గుడ్డ కౌంటర్ మీద విసిరేది. "ఒక్క ఉతుకుకే రంగు దిగింది. దొంగ మాల్ అమ్ముతారా?" మామూ ముందు ఆ గుడ్డ చేతిలోకి తీసుకునేవారు. ఆమె మొహం చూడరు, గుడ్డ చూస్తారు. "వేడినీళ్లలో వేశారా అమ్మా?" ఇంకేమీ అనరు. ఆమె ఇంకో పది మాటలంటుంది. ఆయన తల ఊపుతారు. మాల్‌లో తప్పుంటే మారు మాట లేకుండా కొత్తది కోసిచ్చేవారు. లేకపోతే నిదానంగా, "ఇది నేను మార్చలేను" అని పక్క గ్రాహకి వైపు తిరిగేవారు. ఆమె వెళ్లాక నాతో ఇలా అనేవారు.

"చూడు బేటా, ఆమె నన్ను సవాల్ అడిగితే జవాబివ్వాలి. గుస్సా దించుకుంటే విని ఊరుకోవాలి. గాలీ ఇస్తే దుకాణం బయటికి చూపించాలి. ఈ మూడూ ఒకటే అనుకున్నవాడు దుకాణమూ నడపలేడు, సీటీ కూడా ఊదలేడు."

రెఫరీల పని మొత్తం ఇందులోనే ఉందని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. కోచ్ "అది ఫౌల్ ఎందుకైంది?" అంటే అది సవాల్. బంతి ఆగినప్పుడు దగ్గర్లోంచి పోతూ ఒక్క వాక్యంలో చెప్పెయ్యాలి, "మీ కుర్రాడి మోచెయ్యి తగిలింది." "ప్రతిసారీ మాకే ఇస్తున్నారు" అంటే అది సవాల్ కాదు, దానికి జవాబు లేదు. జవాబిస్తే తక్రార్ మొదలవుతుంది, తక్రార్‌లో రెఫరీ ఎప్పుడూ గెలవడు. ఆట నడుస్తున్నప్పుడు కోచ్ వైపు తిరగకూడదు, నజర్ పదిమంది ఆటగాళ్ల మీదే ఉండాలి. ఫౌల్ చెప్పాక ఆ జట్టు బెంచ్ ముందే నిలబడకూడదు, ఇద్దరు రెఫరీలు చోటు మార్చుకోవాలి. తప్పు చేశానని తెలిస్తే ఒప్పుకోవాలి, మ్యాచ్‌కి ఒకసారే. రెండోసారి ఒప్పుకుంటే బెంచ్ మీద ఎవడూ నమ్మడు. బెదిరించకూడదు. "ఇంకొక్క మాటంటే ఇస్తాను" అన్నాక అతను ఇంకొక్క మాట అననే అంటాడు, అప్పుడు ఇచ్చి తీరాలి. అందుకని అరచెయ్యి చూపించాలి, లేదా ఆట ఆగినప్పుడు దగ్గరికెళ్లి ఎవరికీ వినపడకుండా చెప్పాలి. అదీ పనిచెయ్యకపోతే టెక్నికల్ ఫౌల్. అదిచ్చేటప్పుడు మొహంలో గుస్సా కనిపించిందా, ఇన్సాఫ్ పోయి పగలా కనిపిస్తుంది.

ఇక కాగితం మీది కాయిదా. ఫిబా నియమాల్లో రెఫరీతో మాట్లాడే ఇఖ్తియార్ హెడ్ కోచ్‌కి ఉంది, మర్యాదగా. కెప్టెన్‌కి ఉంది, బంతీ గడియారం ఆగినప్పుడు, వివరం అడగడానికి. మొదటి అసిస్టెంట్ కోచ్ నిలబడొచ్చు గాని రెఫరీతో మాట్లాడకూడదు. కోచ్ తన నడవడిక వల్ల టెక్నికల్ తెచ్చుకుంటే స్కోర్‌షీట్‌లో 'సి' అని రాస్తారు, బెంచ్ మీద వేరేవాళ్లు తెచ్చిపెడితే 'బి'. రెండు 'సి'లు, లేదా అన్నీ కలిపి మూడు పడితే కోచ్ బయటికి పోవాలి. ఇప్పుడు శిక్ష తేలిక, అవతలివాళ్లకి ఒక్క ఫ్రీ త్రో, తర్వాత ఆట ఆగినచోట నుంచే. మా రోజుల్లో కోచ్ నోరు జారితే రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా వాళ్లకే. ఆ "బంతి కూడా" అన్నమాట మా ఇంట్లో నాలుగేళ్లు తిరిగింది. అక్కడికే వస్తున్నా.

ఒక తమాషా ఏంటంటే, జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. స్కూల్లో ఈ ఆట కనిపెట్టి 13 నియమాలు రాశాడు. అంపైర్ మనుషుల్ని చూడాలి, రెఫరీ బంతిని చూడాలి అని అందులో పని పంచాడు. కోచ్ అన్న మాట ఆ 13లో ఎక్కడా లేదు! టైమ్ అవుట్‌లో కోచ్ తన పిల్లలతో మాట్లాడటానికి అమెరికా కాలేజీ ఆటలో 1948-49 సీజన్ దాకా ఇజాజత్ లేదు. మామూకి ఈ సంగతి చెప్తే, "ఆ రోజుల్లో నన్ను పుట్టించి ఉంటే బాగుండేది" అన్నారు.

1993. నాకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. మా అబ్బా పి.టి. మాస్టర్, మా స్కూల్ జట్టుకి ఆయనే కోచ్. స్కూల్ పేరు చెప్పను, టోర్నమెంట్ పేరూ చెప్పను. సిమెంట్ కోర్టు, ఒక పక్క బోర్డు పగిలింది, చుట్టూ మా మొహల్లా జనం. ఫైనల్‌కి రెండో రెఫరీ రాలేదు. ఉన్నవాళ్లలో లైసెన్స్ ఉన్నది మామూకే. బావ కోచ్, అల్లుడు ఆటగాడు, ఆ మ్యాచ్ ఆయన ఊదకూడదు. ఆ మాట ఆయనా అన్నారట, "ఒక గంట సర్దుకోండి భాయ్" అన్నారట నిర్వాహకులు. మన దేశంలో చాలా తప్పులు ఈ "సర్దుకోండి"తోనే మొదలవుతాయి.

మ్యాచ్ మొదలయ్యే ముందు మామూ మా బెంచ్ దగ్గరికొచ్చి అబ్బాకి సలాం చేసి, "కోచ్ సాబ్" అన్నారు. ఇంట్లో ఆయన ఎన్నడూ అబ్బాని "దుల్హేభాయ్" తప్ప ఇంకోటి పిలవలేదు. అబ్బా మొహం అప్పుడే చిట్లింది.

మొదటి సగంలో అబ్బా రెండుసార్లు సవాల్ అడిగారు, మామూ రెండుసార్లూ జవాబిచ్చారు. మూడోసారి అబ్బా "ఆంఖా హై కి గుండ్యా?" అన్నారు. కళ్లా, గుండీలా అని. గుండీలమ్మే మనిషిని! జనం గొల్లుమన్నారు. మామూకి వినపడనట్టు అవతలి బుట్ట వైపు పరిగెత్తారు. రెండో సగంలో ఒకసారి అరచెయ్యి చూపించారు. తర్వాత బంతి ఆగినప్పుడు దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలా మెల్లగా అన్నారు. నేను బెంచ్ మీద నీళ్లు తాగుతున్నా, నాకు వినపడింది. "కోచ్ సాబ్, మీ మాట విన్నాను. ఇక చాలు."

ఆఖర్లో మేము 38, వాళ్లు 37. ఇరవై సెకన్లు. బంతి నా దగ్గర్నుంచి వాళ్ల కుర్రాడు లాగబోయాడు, ఇద్దరి చేతుల మధ్య నుంచి గీత దాటింది, సరిగ్గా మా బెంచ్ ముందు. మామూ సీటీ ఊది వాళ్ల వైపు చెయ్యి చూపించారు.

బంతి ఆఖరుగా తాకింది నా చిటికెనవేలిని. నాకు తెలుసు.

అబ్బా గీత దాటి కోర్టులోకి వచ్చేశారు. "వాడి చేతికి తగిలింది! నువ్వు మనోళ్లని భయపడి వాళ్లకిస్తున్నావ్! జనం ఏమంటారోనని మాకు నష్టం చేస్తున్నావ్!" మామూ అరచెయ్యి ఎత్తారు. వెనక్కి రెండడుగులు వేశారు. అబ్బా ఇంకా ముందుకొచ్చి, ఆ మాట అన్నారు.

"ఏ సాలే!"

మీకు నవ్వొస్తుందని తెలుసు. భార్య తమ్ముడు సాలా కాక ఇంకేమవుతాడు? రిష్తా ప్రకారం అది నూటికి నూరుపాళ్లు నిజం. కాని కోర్టు మీద అది గాలీ. మామూ ఒక్క క్షణం ఆగారు, తర్వాత ఒక అరచేతి మీద ఇంకో చెయ్యి నిలబెట్టి 'టి' చూపించారు. టేబుల్ దగ్గరికెళ్లి కోచ్ అని చెప్పారు. గొంతు మామూలుగానే ఉంది. వాళ్ల కుర్రాడు రెండూ వేశాడు. 38-39. బంతి కూడా వాళ్లకే. మిగిలిన సెకన్లు మాకు చిక్కనివ్వలేదు.

నేను నోరు తెరవలేదు. ఇంటికెళ్లేదాకా అబ్బా నా భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు బేటా, నీకు దగా జరిగింది" అంటూనే ఉన్నారు.

నాలుగేళ్లు. ఈద్‌కి మామూ ఇంటి షీర్ ఖుర్మా మా ఇంటికి వచ్చేది, మామూ రాలేదు. బక్రీద్‌కి మా హిస్సా నా చేత పంపించేవారు, అబ్బా వెళ్లేవారు కాదు. అమ్మీ తమ్ముడి దుకాణానికి అస్తర్ కొనడానికని వెళ్లేది. మా ఇంట్లో కుట్టని అస్తర్ గుడ్డ ట్రంకు నిండా పేరుకుంది. నానీ పోయినప్పుడు జనాజా దగ్గర ఇద్దరూ చెరోపక్క భుజం పట్టారు, తర్వాతి ఈద్‌కి సలాం మొదలైంది. మ్యాచ్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పత్రికలో చేరాక మొదటి మూడేళ్లు నాకు ఆటల పేజీ ఇచ్చారు. ఏజెన్సీ వార్తలు తర్జుమా చేస్తూ పాత కథలన్నీ తవ్వి మామూకి చెప్పేవాణ్ని. 1985 ఫిబ్రవరిలో ఇండియానా కోచ్ బాబ్ నైట్ టెక్నికల్ ఫౌల్ పడిందని ఎర్ర కుర్చీ తీసి కోర్టు మీదికి విసిరిన సంగతి చెప్తే, "కుర్చీ ఏం చేసింది పాపం" అన్నారు. ఆయనకి బాగా పట్టింది మాత్రం 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా 50, సోవియట్ 49, మిగిలింది మూడు సెకన్లు. మేము టైమ్ అవుట్ అడిగాం, ఇవ్వలేదు అని సోవియట్ కోచ్‌లు టేబుల్ మీద పడ్డారు. ప్రేక్షకుల్లోంచి ఫిబా కార్యదర్శి విలియం జోన్స్ దిగివచ్చి, మూడు సెకన్లు మళ్లీ పెట్టండి అన్నారు. పెట్టారు, గడియారం సరిగా తిప్పలేదు, మళ్లీ పెట్టారు. మూడో సారికి అలెగ్జాండర్ బెలోవ్ బుట్టలో వేశాడు, 51-50. బ్రెజిల్ రెఫరీ రెనాటో రిఘెట్టో స్కోర్‌షీట్ మీద దస్తఖత్ చెయ్యనన్నాడు. అప్పీలు 3-2తో పోయింది. అమెరికా ఆటగాళ్లు ఆ వెండి పతకాలు ఈ రోజుకీ తీసుకోలేదు.

"కోచ్‌లు శికాయత్ చెయ్యడంలో తప్పులేదు," అన్నారు మామూ. "నిజమే అయ్యుండొచ్చు. కాని వినాల్సింది కోర్టు మీద ఉన్నవాడు. పైనుంచి పెద్దమనిషి దిగాడా, ఇక సీటీకి విలువ లేదు."

ఆ మాటకి ఆయన తమ బజార్‌ని మిసాల్ ఇచ్చేవారు. సుల్తాన్ బజార్ ఒకప్పుడు రెసిడెన్సీ బజార్. నిజాం నగరంలోనే ఉంది, కాని హుకుం ఇంగ్రేజు రెసిడెంట్‌ది. ఇటు నేరానికి అటు పోలీసు రాలేడు. 1933లో నిజాంకి తిరిగొచ్చాకే సుల్తాన్ బజార్ అయింది. "గీతకి ఇటు ఒకడి ఫైసలా, అటు ఇంకొకడి ఫైసలా. మా గల్లీ వందేళ్లు బాస్కెట్‌బాల్ కోర్టులాగే ఉండింది" అనేవారు. ఇందులో తారీఖు ఎంత, దుకాణదారు చమత్కారం ఎంత అని నేను తూకం వెయ్యలేదు.

అబ్బాకి మాత్రం ఒకే మిసాల్, రహీం సాబ్. హైదరాబాద్ సిటీ పోలీసుని, హిందుస్తాన్‌ని ఫుట్‌బాల్‌లో నిలబెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. ఆయన కూడా స్కూల్ మాస్టరే. అబ్బా తనని ఆ సిల్సిలాలో చివరి మనిషిగా లెక్కేసుకునేవారు. ఆ రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత ఫిఫా రెఫరీ అయ్యారు. తండ్రి కోచ్, కొడుకు రెఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది, 2021 ఆగస్టులో పోయారు. ఆ వార్త నేనే రాశాను. రాస్తూ, ఈ తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చుంటే ఆయన "అబ్బా" అనేవారా, "కోచ్ సాబ్" అనేవారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సుల్తాన్ బజార్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో మామూ దుకాణం ఎత్తేద్దామనుకున్నారు. మాల్ సర్దడానికి వెళ్లాను. లేసు చుట్టలు అట్టపెట్టెల్లో పెడుతూ, ఎందుకో తెలీదు, చెప్పేశాను. "మామూ, ఆ రోజు బంతి నా వేలికే తగిలింది. మీరిచ్చింది సహీ ఫైసలా. నేను చెప్పలేదు."

ఆయన నా వైపు తిరగలేదు. చుట్ట చుట్టడం పూర్తి చేసి పిన్ను గుచ్చారు.

"నాకు కనపడలేదు బేటా. నువ్వు అడ్డం ఉన్నావ్. నీ వీపే కనపడింది."

"మరి?"

"కనపడనప్పుడు రెఫరీ తోటి రెఫరీని చూడాలి. ఇద్దరికీ తెలియకపోతే జంప్ బాల్ ఇవ్వాలి. నాకు ఆ ఒక్క క్షణంలో నీ మొహం, మీ అబ్బా మొహం గుర్తొచ్చాయి. మనోడికిస్తే జనం ఏమంటారో అనుకున్నా. చెయ్యి అటు పోయింది." కాసేపాగి, "దుల్హేభాయ్ అన్నది నిజం. సాలే అన్నందుకు టెక్నికల్ ఇచ్చా, అది మళ్లీ ఇస్తా. కాని అంతకు ముందు అన్నమాట నిజం" అన్నారు.

అంటే బంతి సంగతి అబ్బా అన్నది తప్పు, మనిషి సంగతి అన్నది సహీ. ఫైసలా సహీ, కాని దానికొచ్చిన దారి తప్పు. ఇరవై ఏళ్లకి పైగా ఇద్దరూ చెరో సగం నిజం పట్టుకుని తిరిగారు. మిగతా సగం నా చిటికెనవేలిలో ఉంది. దుల్హేభాయ్‌కి చెప్పమంటారా అంటే మామూ చెయ్యి అడ్డంగా ఊపారు. బుట్ట లెక్కలోకి రాదని చెప్పడానికి రెఫరీలు చేసే సైగలా ఉంది.

మామూ పోయిన రంజాన్‌లో పోయారు. మూడో రోజు జియారత్ అయ్యాక అబ్బా మా ఇంటి వరండాలో కూర్చుని నన్ను పిలిచారు. ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, కాబట్టి గట్టిగా మాట్లాడతారు. గల్లీ అంతా విన్నది. "మీ మామూ ఈమాన్‌దార్ రెఫరీ. సగే బావ అని చూడలేదు. ఆ రోజు నేనే గలత్. వాడికి ఒక్కసారైనా చెప్పలేదు."

అప్పుడు చెప్పాల్సింది, నేను చెప్పలేదు. రెండోసారి.

మా పెద్దమ్మాయి ఇప్పుడు స్కూల్ జట్టులో ఆడుతుంది. కిందటి నెల దాని మ్యాచ్‌కి వెళ్లాను. రెఫరీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. అవతలి కోచ్ తండ్రి వయసువాడు, మొదటి నిమిషం నుంచి అరుపులే. ఆ అమ్మాయి ఆట ఆగాక వెళ్లి, కాస్త పక్కకి నిలబడి, ఎదురుగా కాదు, భుజం పక్కన, కోర్టు వైపు చూస్తూనే ఏదో అంది. అతను ఊరుకున్నాడు. మ్యాచ్ అయ్యాక ఏమన్నావమ్మా అని అడిగాను. "ఏం లేదు సార్. ఏం చూశారో చెప్పండి, ఈసారి నేనూ అక్కడ చూస్తాను అన్నా." మామూ ఉంటే ఆమెకి గోటా కినారీ ఉచితంగా ఇచ్చేవారు.

అబ్బాకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఉర్దూ పేపరు అక్షరం వదలకుండా చదువుతారు, నేను రాసేవి ఒక్కటీ చదవలేరు. ఇది తెలుగులో రాయడానికి అది కూడా ఒక కారణమేమో, దాచను. కాని ఈ కాగితాలు టేబుల్ మీద ఉంటే అమ్మాయి చదివేసింది. "దాదాకి చదివి వినిపించనా? వేలి సంగతి కూడా?" అంది. ఆయనకి వినపడేలా చదవాలంటే గట్టిగా చదవాలి, గల్లీ అంతా వింటుంది.

జుమా అయ్యాక అడగమన్నాను. ఈ రోజు గురువారం.